ప్లాంక్ పొడవు, 137, జి: స్థిరాంకాలు కలిపితే సిద్ధాంతాలు కలుస్తాయా?

మహబూబ్‌నగర్ నుంచి ఒక డిగ్రీ ఫిజిక్స్ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: "కాంతి వేగం సి, ప్లాంక్ స్థిరాంకం హెచ్, గురుత్వ స్థిరాంకం జి, ఈ మూడూ కలిపితే ప్లాంక్ పొడవు వస్తుంది. వీటికి 1/137 ని, పై ని జోడించి జి విలువను లెక్కగట్టే సూత్రం ఒకటి నాకు దొరికింది. 6.67 దాకా సరిగ్గా వస్తోంది. గురుత్వాకర్షణ, క్వాంటం ఏకమైనట్టేనా? కాకపోతే ఎందుకు కాదు? దీన్ని నేనే ఎట్లా పరీక్షించుకోవాలి?"

సూటిగా చెప్పాలంటే, ఏకమైనట్టు కాదు. స్థిరాంకాల కలయిక ఆ రెండు సిద్ధాంతాలు ఎక్కడ ఎదురుపడతాయో చెబుతుంది, ఎట్లా కలుస్తాయో చెప్పదు. జి విలువలో మూడంకెలు సరిపోవడం ఆధారంగా లెక్కకు రాదు. అది ఎంత సులువో కింద లెక్క వేసి చూపిస్తాను. అలాగని మీ సూత్రాన్ని చెత్తబుట్టలో వేయమని కూడా అనను. పరీక్షించే పద్ధతి ఉంది, ఒక సాయంత్రం పని. కాగితం, పెన్ను, పది అంకెలు చూపే కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందు ప్లాంక్ పొడవు సంగతి. ఇందులో రహస్యమేమీ లేదు, ఇంటర్ మొదటి ఏడు మితి విశ్లేషణే (డైమెన్షనల్ అనాలిసిస్). జి మితులు: పొడవు³ ÷ (ద్రవ్యరాశి × కాలం²). హెచ్‌ని 2పై తో భాగిస్తే వచ్చే హెచ్‌బార్ మితులు: ద్రవ్యరాశి × పొడవు² ÷ కాలం. సి అంటే పొడవు ÷ కాలం. జి కి ఘాతం క, హెచ్‌బార్‌కి ఖ, సి కి గ అనుకోండి. ద్రవ్యరాశి కొట్టుకుపోవాలంటే క = ఖ కావాలి. కాలం పోవాలంటే 2క + ఖ + గ = 0, అంటే గ = −3క. పొడవు ఒక్కటే మిగలాలంటే 3క + 2ఖ + గ = 1, అంటే 2క = 1. అంతే. √(జి × హెచ్‌బార్ ÷ సి³) = 1.616 × 10⁻³⁵ మీటర్లు. ఇదే పద్ధతిలో కాలం 5.39 × 10⁻⁴⁴ సెకన్లు, ద్రవ్యరాశి 2.176 × 10⁻⁸ కిలోలు, అంటే దాదాపు 22 మైక్రోగ్రాములు. గసగసాల గింజ బరువులో పదో వంతుకన్నా తక్కువే, కానీ ప్రోటాన్‌తో పోలిస్తే కొండ.

మాక్స్ ప్లాంక్ ఈ ప్రమాణాలను ప్రతిపాదించింది 1899లో. వేడి వస్తువు కాంతి వెదజల్లే తీరును చెప్పే కృష్ణవస్తు వికిరణ సూత్రం పూర్తిగా కుదిరిన 1900 కన్నా ముందే. అప్పటికి క్వాంటం యాంత్రికశాస్త్రమూ లేదు, ఐన్‌స్టీన్ గురుత్వ సిద్ధాంతమూ లేదు. ఆయన చేసింది మనిషి చేతి కొలతలతో పనిలేని ప్రమాణాలు వెతకడం. ఏకీకరణ ఆయన ఉద్దేశమే కాదు. ఆయనకన్నా పాతికేళ్ళ ముందు, 1874లో, జార్జ్ జాన్‌స్టన్ స్టోనీ హెచ్ లేకుండానే ఎలక్ట్రాన్ ఆవేశం, జి, సి లతో ఇలాంటి ప్రమాణాలే కట్టాడు. ఆయన పొడవు 1.38 × 10⁻³⁶ మీటర్లు.

మొదటి చిక్కు ఇక్కడే ఉంది. స్టోనీ పొడవు, ప్లాంక్ పొడవు ఒకటి కావు. రెంటి నిష్పత్తి ఆల్ఫా వర్గమూలం, అంటే 0.0854. ఆల్ఫా అంటే ఆవేశం, హెచ్‌బార్, సి లతో కట్టిన సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం, 1/137.036. దానికి మితులు లేవు. మితులు లేని రాశిని ఏ సూత్రంలో ఏ ఘాతానికైనా పెట్టొచ్చు, మితి విశ్లేషణ అడ్డు చెప్పదు. అందుకని "అసలు పొడవు" ఏదని అడిగితే ప్లాంక్ పొడవును ఆల్ఫాతో గుణించినా సరే, ఆల్ఫా³ తో గుణించినా సరే, 8పై తో భాగించినా సరే. మితులు సరిపోయాయి కాబట్టి నా సూత్రం సరైంది అనుకోవడం ఇక్కడ పనికిరాదు. మితులు సరిపోకపోతే తప్పు అని మాత్రం ఖాయంగా చెప్పొచ్చు.

అంకె ఎవరిది అన్న సంగతి కూడా చూడాలి. మన దగ్గర ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. మూడెకరాల చెలక 120 గుంటలు అవుతుంది, 14,520 గజాలూ అవుతుంది. ఈ అంకెల్లో చెలక గుణం ఏమీ లేదు, కొలబద్ద గుణమే ఉంది. పక్క చెలక దీనికి రెట్టింపు అంటే మాత్రం ఆ రెండు ఏ కొలతలోనైనా రెండే. సి = 29,97,92,458 అన్నది గుంటల లెక్క లాంటిది; మీటరును మనమే అట్లా నిర్వచించుకున్నాం. 2019 మే 20 నుంచి హెచ్ కూడా అంతే, 6.62607015 × 10⁻³⁴ అని ఖరారు చేసి దాన్నుంచి కిలోను నిర్వచిస్తున్నారు. ఈ అంకెల్లో ప్రకృతి రహస్యం వెతకడం అంటే గజం కర్రలో భూసారం వెతకడమే. 137.036, లేదా ప్రోటాన్ ద్రవ్యరాశికీ ఎలక్ట్రాన్ ద్రవ్యరాశికీ నిష్పత్తి 1836.15, ఇలాంటివే వెతకదగ్గ అంకెలు.

మరి జి? దాన్ని ఒంటరిగా మితిరహితం చేయలేం, ఒక ద్రవ్యరాశి జోడించాలి. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి వాడితే జి × ఎమ్² ÷ (హెచ్‌బార్ × సి) = 1.7518 × 10⁻⁴⁵. ప్రోటాన్ ద్రవ్యరాశి వాడితే 5.9 × 10⁻³⁹. ఏది "అసలు" గురుత్వ బలం? దేన్ని ఎంచుకున్నా కారణం చెప్పాలి. ప్రోటాన్‌ని ఎంచుకుంటే ఇంకో తిరకాసు ఉంది. దాని ద్రవ్యరాశిలో సింహభాగం లోపలి క్వార్కులను కట్టిపడేసే బలమైన చర్య శక్తి. క్వార్కుల సొంత ద్రవ్యరాశి ఒక శాతం అటూ ఇటూ. అంత కలగాపులగపు రాశి నాలుగు పై గుర్తులతో శుభ్రంగా వచ్చిందంటే అనుమానించాలి.

ఇప్పుడు మీలాంటి సూత్రాన్ని నేనే ఒకటి అల్లుతాను. ఎలక్ట్రాన్‌తో వచ్చిన 1.7518 × 10⁻⁴⁵ కి ఆల్ఫా ఏ ఘాతం దగ్గరగా ఉందో చూస్తే 20.945 వస్తుంది. సరే, 21 అనుకుందాం. ఆల్ఫా²¹ = 1.33805 × 10⁻⁴⁵. మిగిలిన నిష్పత్తి 1.30923. దీనికి దగ్గరలో ఏముంది? 5పై ÷ 12 = 1.30900. అబ్బో! కాబట్టి "జి = (5పై/12) × ఆల్ఫా²¹ × హెచ్‌బార్ × సి ÷ ఎమ్²" అని ప్రకటించేయొచ్చు. విలువ కడితే 6.6731 × 10⁻¹¹. ఆమోదిత విలువ 6.67430 × 10⁻¹¹. మూడంకెలు అచ్చంగా సరిపోయాయి, తేడా పదివేలలో రెండు వంతుల లోపే. 21 కి ఏదో సమూహ సిద్ధాంతాన్ని, 5/12 కి ఏదో జ్యామితిని అతికిస్తే పది పేజీల వ్యాసం తయారు. ఇందులో భౌతికశాస్త్రం మాత్రం చిటికెడు కూడా లేదు. పది నిమిషాల కాలిక్యులేటర్ పని.

ఇది తప్పని ఎట్లా తెలిసింది? పొరపాటు హద్దు చూడాలి. స్థిరాంకాల ఆమోదిత విలువలు ప్రకటించే అంతర్జాతీయ సంస్థ కోడేటా ఇచ్చే జి విలువకు అనిశ్చితి ±0.00015 (అదే 10⁻¹¹ ల్లో). మన అల్లిక సూత్రం 0.0012 తేడాతో ఉంది, అంటే హద్దుకు దాదాపు ఎనిమిది రెట్లు బయట. చచ్చింది. నల్గొండ వాళ్ళకు ఈ మాట వివరించి చెప్పనక్కర్లేదు. బోరు నీళ్ళ ఫ్లోరైడ్ రిపోర్టులో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు అని ఉంటే, పరీక్ష పద్ధతి పొరపాటు ఎంతో తెలియకుండా ఆ నీళ్ళు హద్దుకు లోపలో బయటో చెప్పలేం. మీరు "6.67 దాకా వస్తోంది" అన్నారు, నాకు కావాల్సింది ఆ తర్వాతి అంకెలు. 6.674 తర్వాత మీ సూత్రం ఏం చెబుతోంది?

ఇట్లాంటి సూత్రాలు కాకతాళీయంగా ఎన్ని దొరుకుతాయో లెక్కపెట్టడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఉపయోగపడే పని, దీన్ని దాదాపు ఎవరూ చేయరు. పై, 2, 3, 5 నాలుగే తీసుకోండి. పై కీ, 2 కీ ఘాతాలు −5 నుంచి 5 దాకా, 3 కి −3 నుంచి 3 దాకా, 5 కి −2 నుంచి 2 దాకా, పావు పావు మెట్లతో అనుకుందాం. మొత్తం 41 × 41 × 25 × 17 = 7,14,425 కలయికలు. వీటి లాగరిథమ్‌లు గంట ఆకారపు వక్రంలా పరుచుకుంటాయని తీసుకుని లెక్క వేస్తే, 137 కి 0.01 శాతం లోపు సుమారు ఏడు కలయికలు పడతాయి. 0.001 శాతం లోపు ఒకటి పడే అవకాశం సగానికి మించి ఉంటుంది. సిద్ధాంతం ఏదీ అక్కర్లేదు, గంప నిండా అంకెలుంటే ఒకటి దొరికి తీరుతుంది.

దీనికి సరిపోయే చరిత్ర కూడా ఉంది. 1969లో స్విస్ గణితజ్ఞుడు అర్మాండ్ వైలర్ ఇచ్చిన సూత్రం: ఆల్ఫా = (9 ÷ 8పై⁴) × (పై⁵ ÷ (2⁴ × 5!))^¼. దీన్ని విప్పితే 1/ఆల్ఫా అనేది పై కి 2.75, 2 కి 4.75, 3 కి −1.75, 5 కి 0.25 ఘాతాలుగా వస్తుంది. అంటే సరిగ్గా పైన చెప్పిన గంపలోదే! విలువ 137.03608. అప్పటి కొలతలకు అద్భుతంగా దగ్గర. నిజాయితీగా చెప్పాలంటే, అంత దగ్గరి కలయిక ఆ గంపలో పడే అవకాశం పాతికలో ఒకటి మాత్రమే, కాబట్టి జనం ఆశ్చర్యపోయారంటే తప్పులేదు. కానీ ఇప్పుడు కొలిచిన విలువ 137.035999177, అనిశ్చితి చివరి రెండంకెల్లో 21. తేడా ఆ అనిశ్చితికి దాదాపు నాలుగు వేల రెట్లు. ఇంక మాట్లాడేదేముంది?

ఫ్రెడ్రిక్ లెంజ్ 1951లో ఒకటి రెండు వాక్యాల్లో ప్రచురించింది ఇంకా అందంగా ఉంటుంది: ప్రోటాన్, ఎలక్ట్రాన్ ద్రవ్యరాశుల నిష్పత్తి 6పై⁵ = 1836.118. అప్పటి కొలతల హద్దులోనే ఉంది. నేటి కొలత 1836.152673. పోయింది. ఆర్థర్ ఎడింగ్టన్ అయితే మొదట 136 అని తర్కంతో రుజువు చేసి, కొలత 137 వైపు జరిగాక ఒకటి కలిపాడు. అంతటి గొప్ప ఖగోళ శాస్త్రవేత్త చివరి ఏళ్ళు దీనికే ధారపోశాడు. 1931లో బెక్, బేతె, రీజ్లర్ అనే ముగ్గురు కుర్రవాళ్ళు ఆయన్ను ఎగతాళి చేస్తూ ఒక జర్మన్ పత్రికకు చిన్న వ్యాసం పంపారు. 2 × 137 − 1 = 273, కాబట్టి పరమశూన్య ఉష్ణోగ్రత −273 డిగ్రీలని ఆల్ఫా నుంచే తేలిందని! సంపాదకుడు నిజమనుకుని అచ్చేశాడు. సెల్సియస్ డిగ్రీ నీళ్ళు గడ్డకట్టడం, మరగడం మీద మనిషి కట్టుకున్న కొలత. దాన్ని ఆల్ఫాతో ముడిపెట్టడంలోనే హాస్యమంతా ఉంది.

జి కి వర్తించే ఇబ్బంది మాత్రం వేరు. ఆల్ఫాను పది అంకెలు దాటి కొలిచారు కాబట్టి తప్పుడు సూత్రం త్వరగా దొరికిపోతుంది. జి ని నాలుగైదు అంకెల దాకానే కొలవగలిగారు, లక్షలో రెండు వంతుల అనిశ్చితి. అందుకే జి సూత్రాలు ఇన్ని బతికి తిరుగుతున్నాయి. 2018లో చైనాలోని హువాఝాంగ్ విశ్వవిద్యాలయ బృందం రెండు పద్ధతుల్లో కొలిస్తే 6.674184, 6.674484 వచ్చాయి. ఒక్కొక్కటీ లక్షలో ఒక వంతు స్థాయి కచ్చితత్వంతో ఉన్నాయి, కానీ ఒకదానితో ఒకటి సరిపడలేదు. మీ సూత్రం వీటిలో ఒకదానికి సరిపోతే సంబరపడకండి. ఏ సూత్రానికైనా ఏదో ఒక ప్రయోగం తోడు దొరికేంత చెదురుగా ఉన్నాయి కొలతలు.

అంత కష్టమెందుకంటే, విద్యుత్ బలాన్ని లోహపు పెట్టెతో ఆపినట్టు గురుత్వాకర్షణను ఆపలేం. చుట్టూ ఉన్న ప్రతిదీ లాగుతూనే ఉంటుంది. విశాలమైన నీటి పొర ఒక మీటరు మందం చేరితే దాని పైన గురుత్వ త్వరణం 4.2 × 10⁻⁷ మీటర్లు ప్రతి సెకను² పెరుగుతుంది (2పై × జి × సాంద్రత × మందం). నాగార్జునసాగర్‌లో నీటిమట్టం 520 అడుగుల నుంచి నిండుమట్టం 590 కి చేరితే నీళ్ళ మందం 21 మీటర్లు పెరిగినట్టు. మంచి గ్రావిమీటర్ 10⁻⁸ స్థాయి తేడా పడుతుంది కాబట్టి అలాంటి పొర పెరగడాన్ని అది సెంటీమీటర్ల లెక్కన చూడగలదు. అదే ప్రయోగశాలలో ఒక్కో కిలో బరువున్న రెండు గుండ్ల మధ్య, మీటరు దూరంలో, ఉండే బలం 6.67 × 10⁻¹¹ న్యూటన్లే. వానపడి గోడ పక్క మట్టి నానినా, గుండ్లను వేలాడదీసిన మెలి తీగ తన పాత మెలికను కాస్త గుర్తుంచుకున్నా, గుండు లోపల సాంద్రత ఒక పక్కకు ఎక్కువైనా ఐదో అంకె కదిలిపోతుంది.

ఇంతా చెప్పాక, అంకెల పోలికతో మొదలైనవన్నీ వృథా అన్న అభిప్రాయం కలగకూడదు. రెండు ఉదాహరణలు ఎదురుగా ఉన్నాయి. 1856లో వెబర్, కోల్‌రౌష్ విద్యుత్ ఆవేశాన్ని రెండు రకాల ప్రమాణాల్లో కొలిస్తే వాటి నిష్పత్తి సెకనుకు 3,10,740 కిలోమీటర్ల వేగంగా తేలింది. కాంతి వేగానికి దగ్గర. మాక్స్‌వెల్ అక్కడ ఆగలేదు. తన సమీకరణాల నుంచి ఆ వేగంతో పోయే తరంగాలు పుట్టాలని చూపించాడు, 1887–88లో హెర్ట్జ్ వాటిని పుట్టించి చూపాడు. రెండోది బామర్. బాసెల్‌లో పాఠశాల ఉపాధ్యాయుడు. 1885లో హైడ్రోజన్ నాలుగు వర్ణపట రేఖలకు ఒకే ఒక్క స్థిరాంకంతో సూత్రం అల్లాడు. అది పక్కా అంకెల అల్లికే. కానీ ఆయన చూడని అతినీలలోహిత రేఖలకూ అదే సూత్రం సరిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళకు, 1913లో, బోర్ ఆ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి, ఆవేశం, హెచ్, సి ల నుంచి రాబట్టాడు. తేడా గమనించండి: ఒక స్థిరాంకం పెట్టి నాలుగు రేఖలు తీశాడు, తర్వాత మరెన్నో వచ్చాయి. మన 5పై/12 సూత్రం 5, 12, 21 అనే మూడు ఎంపికలు పెట్టి ఒక్క అంకె తీసింది.

ఇక సిద్ధాంతాలు నిజంగా ఎక్కడ ఎదురుపడతాయి? స్థిరాంకాలను గుర్తులుగా చూడటం ఇక్కడ మంచి అలవాటు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన జపాల్-రంగాపూర్ వేధశాల మీదుగా పోయింది. అలాంటి గ్రహణ సమయంలో సూర్యుడి అంచున నక్షత్ర కాంతి వంగే కోణం 4 × జి × ఎమ్ ÷ (సి² × ఆర్), అంటే 1.75 ఆర్క్ సెకన్లు (ఎమ్, ఆర్ సూర్యుడి ద్రవ్యరాశి, వ్యాసార్థం). ఇందులో జి, సి ఉన్నాయి, హెచ్ లేదు: సాధారణ సాపేక్షం. హైడ్రోజన్ రేఖల సన్నటి చీలికలో హెచ్, సి ఉన్నాయి, జి లేదు. మూడూ ఒకేచోట కనిపించే ఫలితం దొరికితే అక్కడ ఆగి చూడాలి.

సోవియట్ భౌతికశాస్త్రవేత్త మత్వేయ్ బ్రాన్‌స్టైన్ 1936లో గురుత్వ క్షేత్రాన్ని క్వాంటం పద్ధతిలో లెక్కిస్తూ ఈ సరిహద్దును మొదట స్పష్టంగా చూశాడు. 31 ఏళ్ళ వయసుకే, 1938లో, స్టాలిన్ పోలీసులు కాల్చి చంపారు. అక్కడి ఊహను సులువుగా ఇట్లా చెప్పుకోవచ్చు: ఎల్ పొడవులో ఒక వస్తువును పట్టి చూడాలంటే హెచ్‌బార్ × సి ÷ ఎల్ అంత శక్తి అక్కడ పోగవ్వాలి. అంత శక్తి పోగైతే దాని కృష్ణబిలం వ్యాసార్థం 2 × జి × హెచ్‌బార్ ÷ (సి³ × ఎల్). రెండూ సమానమైన చోట ఎల్ = √2 × ప్లాంక్ పొడవు. చూడబోతే చూపే మింగేస్తుంది. మితి విశ్లేషణతో వచ్చిన పొడవుకు ఇక్కడ కారణం దొరికింది. ఆ √2 ని మాత్రం గట్టిగా పట్టుకోవద్దు, ఇది అంచనా వాదన.

1974లో హాకింగ్ చూపిన కృష్ణబిల ఉష్ణోగ్రత హెచ్‌బార్ × సి³ ÷ (8పై × జి × ఎమ్ × కె). బోల్ట్స్‌మన్ స్థిరాంకం కె తో కలిపి నాలుగూ ఒకే సూత్రంలో. ఇందులోని 8పై ఎవరో ఊహించి పెట్టింది కాదు, లెక్కలో దానంతట అదే వచ్చింది. సూర్యుడంత బిలానికి 6 × 10⁻⁸ కెల్విన్. ఆకాశమంతా పరుచుకున్న నేపథ్య వికిరణమే 2.7 కెల్విన్ ఉండగా దీన్ని కొలవడం కుదరదు. ఇంకొకటి, న్యూటన్ గురుత్వ స్థితిశక్తికి క్వాంటం దిద్దుబాటు. జాన్ డోనహ్యూ 1994లో మొదలుపెట్టిన పద్ధతిలో, 2003కి తేలిన లెక్క ప్రకారం ఆ దిద్దుబాటు (41 ÷ 10పై) × (ప్లాంక్ పొడవు ÷ దూరం)². 41 అనే వికారమైన అంకెను చూడండి! అసలైన లెక్కల్లో ఇట్లాంటివే వస్తాయి. మీటరు దూరంలో ఇది 3.4 × 10⁻⁷⁰. కొలవలేం, కానీ తక్కువ శక్తుల దగ్గర గురుత్వాన్నీ క్వాంటంనూ కలిపి లెక్కించవచ్చని ఇది రుజువు. చిక్కంతా ఎక్కువ శక్తుల దగ్గరే: జి కి మితులుండటం వల్ల శక్తి పెరిగేకొద్దీ దిద్దుబాట్లు పెరిగి, ఒక్కో మెట్టుకూ కొత్త తెలియని స్థిరాంకాలు అడుగుతాయి.

మీరు డిగ్రీలో ఉన్నారు కాబట్టి అన్నిటికన్నా ఆసక్తిగా చూడమనేది 2017 నాటి ప్రతిపాదన: 10⁻¹⁴ కిలోల రెండు రేణువులను ఒక్కొక్కటీ రెండు చోట్ల ఉన్న క్వాంటం స్థితిలో పెట్టి, గురుత్వం ఒక్కటే వాటి స్థితులను ఒకదానితో ఒకటి చిక్కుముడి (ఎంటాంగిల్‌మెంట్) వేయగలదా అని చూడటం. దశ తేడా జి × ఎమ్² × కాలం ÷ (హెచ్‌బార్ × దూరం). 200 మైక్రాన్ల దూరం, 2.5 సెకన్లు పెట్టి మీరే లెక్క కట్టండి: 0.79 రేడియన్లు. చిన్నదేమీ కాదు! ఎందుకంటే ఈ సూత్రంలో సి లేదు. ప్లాంక్ శక్తి దాకా పోకుండానే జి, హెచ్ ఎదురుపడుతున్నాయి. అంత బరువైన రేణువును సెకన్లపాటు ఆ స్థితిలో చెదరకుండా ఉంచడమే అసాధ్యంలా ఉంది ఇప్పటికి.

గురుత్వాన్నీ క్వాంటంనూ కలపడానికి జరుగుతున్న రెండు ప్రయత్నాలు చూడండి. స్ట్రింగ్ సిద్ధాంతంలో జి మూలరాశి కాదు, తీగ పొడవు నుంచీ తీగల చర్యా బలం నుంచీ వస్తుంది. లూప్ క్వాంటం గురుత్వం అనే పద్ధతిలో వైశాల్యం ప్లాంక్ పొడవు వర్గపు మెట్లలో వస్తుంది, కానీ ఇమిర్జీ పరామితి అనే అదనపు అంకె ఉంది. దాన్ని కృష్ణబిల ఎంట్రోపీకి సరిపోయేలా ఎంచుకుంటారు. రెండూ 137 ని గాని జి ని గాని లెక్కగట్టి ఇవ్వలేదు.

మీ సూత్రం సంగతికి వస్తే, ఈ వరసలో పోండి.

జి దొంగదారిన లోపలికి వచ్చిందేమో చూడండి. ఇది అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. ప్లాంక్ పొడవు, ప్లాంక్ ద్రవ్యరాశి, ప్లాంక్ కాలం ఏది వాడినా వాటి విలువలు జి నుంచే కట్టారు. అవి పెట్టి జి తీస్తే అన్ని అంకెలూ సరిపోతాయి, ఎందుకంటే మీరు పెట్టిందే తిరిగి వచ్చింది. సూర్యుడి ద్రవ్యరాశి, భూమి ద్రవ్యరాశి కిలోల్లో వాడినా ఇదే కథ. వాటినీ జి తోనే తీశారు.

తర్వాత కుడివైపు మితిరహితంగా మార్చి రాయండి. మీటరు, కిలో మిగిలితే, లేదా మీటర్లు మార్చి అడుగుల్లో పెడితే పోలిక చెడితే, అక్కడే ఆపేయండి.

ఎంపికలను లెక్కపెట్టండి. ఎన్ని ఘాతాలు, ఎన్ని పూర్ణాంకాలు, ఎన్ని పై లు మీరు మార్చి చూశారో, పనికిరావని పారేసిన వాటితో సహా. మూడంకెల పోలికకు మూడు ఎంపికలు వాడితే మీ చేతిలో ఏమీ లేనట్టే.

ఆల్ఫా ఏ శక్తి దగ్గరిదో రాయండి. 137.036 తక్కువ శక్తుల దగ్గరి విలువ. బలహీన చర్యను మోసే జడ్ కణం ద్రవ్యరాశి దగ్గర అది 128 కి వస్తుంది. ప్లాంక్ స్థాయి గురించి మాట్లాడుతూ 137 ఎందుకు వాడారో సమాధానం ఉండాలి. చాలా సూత్రాలు ఈ ఒక్క ప్రశ్నకే కూలిపోతాయి.

జి కాలంతో మారుతుందని మీ సూత్రం చెబుతుంటే చంద్రుడి మీది అద్దాలను మర్చిపోవద్దు. డిరాక్ 1937లో 10³⁹ స్థాయి పెద్ద అంకెల పోలిక చూసి విశ్వం వయసు పెరిగేకొద్దీ జి తగ్గుతుందన్నాడు. జి ఎక్కువగా ఉంటే ఒకప్పుడు సూర్యుడు ఇంకా మండి భూమ్మీద సముద్రాలు మరిగి ఉండాలని 1948లో టెల్లర్ ఎత్తిచూపాడు. 1969 నుంచి చంద్రుడి మీది అద్దాలకు లేజర్ కొట్టి దూరం కొలుస్తున్నారు. జి ఏడాదికి లక్ష కోట్లలో ఒక వంతు కూడా మారడం లేదని తేలింది. డిరాక్ లెక్కకు కావాల్సింది దానికి పదుల రెట్లు.

చివరగా, అదే సూత్రంతో, ఒక్క అంకె కూడా మార్చకుండా, ఇంకో రాశి రాబట్టండి. ఎలక్ట్రాన్‌కు బరువైన చుట్టం మ్యూయాన్ ద్రవ్యరాశి కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. రాకపోతే అది బామర్ దారి కాదు, లెంజ్ దారి.

ఇవన్నీ దాటితే సూత్రాన్ని ఇక్కడ పెట్టండి. ఏడు అంకెల దాకా వచ్చిన విలువ, వాడిన ప్రతి స్థిరాంకం విలువ, దాని అనిశ్చితి, మీరు ప్రయత్నించి వదిలేసిన రూపాల సంఖ్య, ఈ నాలుగూ ఉంటే చాలు, పరీక్షించి చెబుతాను. 6.6740 కి కింద గాని 6.6746 కి పైన గాని వస్తే, పెట్టకముందే జవాబు మీకు తెలిసినట్టే.